లెక్క యంత్రానిది, పూచీ మనిషిది



ఈనాడు మీతో ముచ్చటింపదలచినది కాసినోలోని క్యాషియరు ఉద్యోగమును గూర్చి. ఈ మాట చెవిని పడగానే కొందరు పెద్దలు నొసలు చిట్లింతురని నేనెరుగుదును. పసుపును ఎర్రజొన్నను పండించుకొని బ్రతుకు నిజామాబాదు జిల్లా వేల్పూరు ప్రాంతమున జూదశాల ముచ్చట ఏల అని వారడుగవచ్చును. అడుగుట న్యాయమే. మన రాష్ట్రమున 1974 నాటి గేమింగ్ చట్టము జూదశాలలను నిషేధించినది. 2017లో చేసిన సవరణ ఆన్‌లైన్ పందెములను కూడ ఆ నిషేధములోనికి తెచ్చినది. కావున తెలంగాణలో కాసినో లేదు. కాసినో లేకున్నను, కాసినో ఉద్యోగము మాత్రము మన వాకిళ్ళ దాక వచ్చియున్నది. హోటలు పని నేర్చిన పిల్లవాడు గోవా పోవుచున్నాడు. ఫోనులో ప్రకటన చూచిన పిల్లవాడు కంబోడియా పోదునా అని యోచించుచున్నాడు. మనవారు ఏండ్ల తరబడి చెమటోడ్చిన గల్ఫుదేశములలో సైతము, రస్ అల్ ఖైమాలోని మర్జాన్ ద్వీపమున, విన్ అను అమెరికా సంస్థ ఒక మహాసౌధమును నిర్మించుచున్నది. 2024లో దానికి జూదశాల అనుమతి లభించినది; 2027లో తలుపులు తెరచెదమని వారు ప్రకటించియున్నారు.

కావున ఈ ముచ్చట మనకు దూరమైనది కాదు. నేను జూదమును పొగడబోవుటలేదు. జూదరి కథ చెప్పబోవుటయు లేదు. జూదరికి ఎదురుగా, గాజుతెర కవతల కూర్చుండి, రాత్రియంతయు పరుల సొమ్మును లెక్కించు మనిషిని గూర్చి చెప్పెదను. అతని పనిలో యంత్రమునకు పోయినదేది? మనిషికి మిగిలినదేది? ఈ రెండు ప్రశ్నలను మనసున నుంచుకొని వినుడు.

మొదట ఆ గదిలోనికి పోయి చూతము. గోవాలో పణజీ నగరమును ఒరసికొని మాండవీనది ప్రవహించును. ఆ నీటిమీద లంగరు వేసిన ఓడలలో కాసినోలు నడచుచున్నవి. 1976 నాటి జూద చట్టమునకు గోవా ప్రభుత్వము 1992లోను 1996లోను సవరణలు చేసి, మొదట పెద్ద హోటళ్ళలో యంత్రముల ఆటలకును, పిదప ఓడలమీద పేకాట వంటి బల్ల ఆటలకును త్రోవ యిచ్చినది. ఒక విశేషము వినుడు. 2020 నుండి గోవా వాస్తవ్యులు ఆ కాసినోలలో ఆడరాదని ఆ ప్రభుత్వమే కట్టడి చేసినది. నేపాలులోను అంతే, ఆ దేశపు పౌరులకు అచటి కాసినోలలో ప్రవేశము లేదు. అనగా తన యింటి బిడ్డలకు తగదనుకొన్న ఆటనే ప్రభుత్వము పరదేశి కొరకు నడువనిచ్చుచున్నది. ఆ ఆటకు క్యాషియరుగా కూర్చుండుటకు పోవు మనవాడు ఈ సంగతి తెలిసి పోవుట మంచిది.

ఓడలో ఒక మూల గాజుతెరలతోను కమ్మీలతోను భద్రపరచిన గది యుండును. పనివారు దానిని కేజ్ అందురు. ఆటగాడు వచ్చి నోట్ల కట్ట నిచ్చును. క్యాషియరు ఆ కట్టను ఒడిలో పెట్టుకొని లెక్కింపరాదు. తలపైనున్న కెమెరాకు స్పష్టముగా కనబడునట్లు బల్లమీద పరచి లెక్కింపవలెను. నోటు అసలుదో నకిలీదో చూడవలెను. గుర్తింపు కార్డు అడుగవలెను. మొత్తమును పైకి పలుకవలెను. పిదప అంత విలువగల చిప్స్‌ను, అనగా రంగురంగుల బిళ్ళలను, దొంతరలుగా పేర్చి, ఆటగాని కన్నులముందర మరల ఒకమారు లెక్కించి, అప్పుడు మాత్రమే ముందునకు త్రోయవలెను. అర్ధరాత్రి దాటిన పిదప ఆట ముగించినవాడు ఆ బిళ్ళలను తెచ్చి తన సొమ్మును అడుగును. గెలిచినవాడు నవ్వుచు వచ్చును. ఓడినవాడు మిగిలిన నాలుగు బిళ్ళలతో, మాట పెగలక, వచ్చును. క్యాషియరు నవ్వుకు పొంగరాదు, మౌనమునకు కరగి లెక్క తప్పరాదు. చేతులు బల్ల విడుచుటకు ముందు అరచేతులు రెండును త్రిప్పి కెమెరాకు చూపుట ఇట్టి కొలువులలో ఆచారము. షిఫ్టు మారునపుడు, దిగువాడును ఎక్కువాడును కలిసి పెట్టెలోని సొమ్మును లెక్కించి, ఇరువురును సంతకములు చేయుదురు. తేడా వచ్చెనా, కెమెరాలోని చిత్రమును వెనుకకు త్రిప్పి చూతురు.

ఇందులో ఎన్ని పనులున్నవో గమనించితిరా? పైకి అనేకముగా తోచినను, నిజమునకు రెండే. ఒకటి లెక్క. రెండవది పూచీ. ఎంత సొమ్ము అన్నది లెక్క. ఆ సొమ్మునకు నేను జవాబుదారినని సంతకము పెట్టుట పూచీ. నా ప్రసంగమంతయు ఈ రెంటిచుట్టునే తిరుగును.

మొదట బిళ్ళ సంగతి చెప్పెదను. చిప్ అనునది సొమ్ము కాదు, సొమ్మునకు ప్రతినిధి. మన తాతలకు ఇట్టి వ్యవహారము కొత్త కాదు. నిజాము కాలమున మన జిల్లాలో హాలీ సిక్కా చెల్లెడిది. పసుపు బస్తాలు వేసికొని బొంబాయి దాక పోవు వ్యాపారికి మాత్రము బ్రిటిషువారి కల్దారు రూపాయి కావలసియుండెను. సుమారుగా ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారులు. 1942లో హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో తలుపులు తెరచిన హైదరాబాదు స్టేట్ బ్యాంకునకు ఈ సిక్కా వ్యవహారమును చూచుకొనుట ఒక ముఖ్యమైన బాధ్యత. హాలీ రూపాయి సరిహద్దులోపలనే రూపాయి; కాసినో బిళ్ళ ఆ భవనములోపలనే సొమ్ము. రెంటికిని విలువ లోహమువలన గాని రంగువలన గాని రాలేదు. తిరిగి తెచ్చినపుడు మారుపైకము చెల్లింతుమని ఒకరు నిలబడి చెప్పుటవలన వచ్చినది.

దీనికి ఒక ఉదాహరణము వినుడు. 2010 డిసెంబరులో అమెరికాలోని లాస్ వేగాస్ నగరమున, బెలాజియో అను కాసినోలోనికి ఒక దొంగ ముఖము కప్పు హెల్మెటుతో చొరబడి, తుపాకి చూపి, పదిహేను లక్షల డాలర్ల విలువగల చిప్స్ దోచుకొని మోటారుసైకిలుపై పారిపోయెను. యాజమాన్యము తొందరపడలేదు. దోపిడిలో పోయిన బిళ్ళలలో మిక్కిలి పెద్దవి ఇరువదియైదు వేల డాలర్లవి. ఆ రకమును ఇక రద్దు చేయుచున్నామని, గడువులోపల తెచ్చి మార్చుకొనవలెనని ప్రకటించినది. దొంగ వాటిని తెచ్చి కౌంటరు ముందు నిలువగలడా? ఎవరికో అమ్మజూచుచు తుదకు పోలీసుల చేతికి చిక్కెను. వాని సంచిలో లెక్క సరిగానే యున్నది. పూచీ మాత్రము తొలగిపోయినది. పూచీ లేని లెక్కకు విలువ లేదు. ఈ మాటను మరల చెప్పుచున్నాను: పూచీ లేని లెక్కకు విలువ లేదు.

ఇక యంత్రము కడకు వత్తము. ఒకప్పుడు అమెరికా జూదశాలలలోని ఆట యంత్రములు నాణెములనే మ్రింగి నాణెములనే కక్కెడివి. ఆటగాండ్రు ప్లాస్టిక్ డబ్బాలలో నాణెములు మోసికొని తిరిగెడివారు. చిల్లర యిచ్చుటకై కొందరు స్త్రీలు ఆ యంత్రముల నడుమ రాత్రియంతయు నడచెడివారు. క్యాషియర్లు ఆ నాణెములను కుప్పలుగా తూచెడివారు. 2000 సంవత్సర ప్రాంతమున నాణెమునకు మారుగా గీతల గుర్తుగల కాగితపు టికెట్టు వచ్చినది. ఆట ముగియగానే యంత్రము టికెట్టును ముద్రించి యిచ్చును. గోడప్రక్క నిలిచిన మరియొక యంత్రము ఆ టికెట్టును తీసికొని నోట్లు లెక్కించి యిచ్చును. కొలది యేండ్లలోనే చిల్లర పంచు స్త్రీల ఉద్యోగము కనుమరుగైనది. పిదప బిళ్ళలలోపల రేడియో సంకేతమునకు పలుకు చిన్న గుర్తును అమర్చిరి; బిళ్ళ అసలుదో కాదో యంత్రమే చెప్పును. ఇప్పుడు ఫోనులోని ఖాతానుండియే ఆట ఆడు పద్ధతియు వచ్చినది. లెక్క యంత్రమునకు పోయినది. ఇక తిరిగి రాదు. రావలెనని కోరుటయు వివేకము కాదు. ఏలయన తెల్లవారుజామున నిద్ర కన్నులతో నోట్లు లెక్కించు పనిలో, మనిషికంటె యంత్రము తక్కువ తప్పులు చేయును.

అయితే క్యాషియరు పూర్తిగా అంతరించునా? ఈ ప్రశ్న మొదట పుట్టినది కాసినోలో గాదు, బ్యాంకులో. 1967 జూన్ 27వ తేదీన లండన్ నగరపు ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు గోడలో నగదు యంత్రము ఒకటి వెలసినది. దానిని రూపొందించిన షెపర్డ్ బారన్ మన దేశముననే, షిల్లాంగులో, జన్మించినవాడు. ఇరువది యేండ్లకు, 1987లో, అట్టి యంత్రము బొంబాయికి వచ్చినది. ఆ దశకముననే, తరువాతి కాలమున ఆంధ్రప్రదేశ్ గవర్నరు పదవి నలంకరించిన రంగరాజన్ అధ్యక్షతను కమిటీలు కూర్చుండి, బ్యాంకులలో కంప్యూటర్లు ప్రవేశపెట్టుటకు దారి చూపినవి. ఉద్యోగులు భయపడిరి. అది నిరాధారమైన భయమని నేననను. కాని జరిగినది చిత్రమైనది. అమెరికాలో ఏటీఎంలు వచ్చిన పిదప చాల యేండ్లవరకు బ్యాంకు కౌంటరు ఉద్యోగుల సంఖ్య తగ్గలేదు. ఒక్కొక్క శాఖకు కావలసిన మనుష్యులు తగ్గిరి. ఖర్చు తగ్గుటచేత శాఖల సంఖ్య పెరిగినది. నోట్లు లెక్కించినవాడే ఖాతాదారునితో మాటలాడి అప్పు సంగతి, పొదుపు సంగతి చూడసాగెను. బ్యాంకు ఫోనులోనికి వచ్చిన తరువాతనే ఆ సంఖ్య తరుగనారంభించినది. మన నిజామాబాదులోను 2016లో యూపీఐ వచ్చిన పిదప కిరాణా దుకాణము మొదలుకొని కూరగాయల గంప దాక క్యూఆర్ కోడు వ్రేలాడుచున్నది. అయినను, పసుపు పైకము ఖాతాలో పడలేదని మార్కెటు యార్డునుండి వచ్చిన రైతు, ఫోనును బల్లమీద పెట్టి, బ్యాంకులో ఒక మనిషి ముఖమునే వెదకుచున్నాడు. లెక్క కొరకు కాదు, పూచీ కొరకు.

యంత్రము పడిపోయిన దినమున ఏమగునో చెప్పెదను. 2023 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లోని ఎమ్‌జీఎమ్ అను కాసినో సంస్థపై సైబరు దాడి జరిగినది. గదుల తాళములు మొరాయించినవి. ఆట యంత్రములు మూగవోయినవి. టికెట్టు తీసికొని నోట్లిచ్చు యంత్రములు నిలిచిపోయినవి. గెలిచినవారు తమ సొమ్ము ఏదని నిలువబడిరి. అప్పుడు సిబ్బంది నోట్లు చేతపట్టుకొని ఆటగాని కడకే పోయి చెల్లింపవలసి వచ్చినది. రసీదులను చేతితో వ్రాసి యిచ్చిరి. కోట్ల డాలర్ల విలువగల ఏర్పాటు మూలబడినపుడు, కాగితముపై ఒక మనిషి చేసిన సంతకము ఆ సంస్థ పరువును నిలిపినది.

చట్టము కూడ ఈ పూచీనే అడుగుచున్నది. అక్రమ ధనము చలామణి కాకుండ మన దేశమున 2002లో చేసిన చట్టము, 2009 సవరణతో కాసినోలను కూడ తన పరిధిలోనికి తెచ్చినది. పెద్ద మొత్తములు తెచ్చినవాడెవడు, ఆ సొమ్ము తీరు అనుమానాస్పదముగా నున్నదా అను సంగతిని కాసినో ప్రభుత్వమునకు తెలుపవలెను. యంత్రము కార్డుమీది పేరును చదువగలదు. కాని కార్డు ఒకనిది, సొమ్ము వేరొకనిది, వెనుక నిలిచి సైగ చేయువాడు మూడవవాడు అయినపుడు, ఆ ముగ్గురిని ఒక్క చూపులో పట్టగలవాడు కౌంటరులోని అనుభవశాలి. కాబట్టి నా అభిప్రాయమిది. కాసినో క్యాషియర్లు తగ్గుదురు, తప్పదు. మిగులువారు లెక్కించువారు కారు. పరీక్షించువారు, నిలదీయువారు, జవాబు చెప్పువారు. లాస్ వేగాస్‌లోని హోటళ్ళ, జూదశాలల పనివారి సంఘమైన కలినరీ యూనియన్ 2018లో చేసికొన్న ఒప్పందములలో, కొత్త యంత్రము వచ్చుటకు ముందుగా పనివారికి తెలుపవలెననియు, వారికి శిక్షణ నీయవలెననియు వ్రాయించుకొన్నది. యంత్రమును ఆపుమని కోరక, యంత్రమునకు ప్రక్కన తమ చోటును అడుగుట దూరదృష్టిగల పని.

అయితే, శ్రోతలారా, ఉద్యోగమును మ్రింగునది యంత్రమొక్కటియేనా? మన కన్నులయెదుటనే బోధన్ కలదు. 1937లో స్థాపితమై, శక్కర్‌నగర్ అను ఊరికే ప్రాణము పోసిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. చెరకు బండ్లను తూచిన గుమాస్తా, రైతులకు పైకము చెల్లించిన క్యాషియరు, వీరి చేతిలోని పనిని ఏ యంత్రమును లాగికొనలేదు. కర్మాగారమే ఆగినది. కాసినోలోనిది అంతకంటె బలహీనమైన కొలువు. ప్రభుత్వము అనుమతించినంత కాలమే ఆ ఓడ నీటిమీద నుండును. కాసినో వ్యవహారముపై 28 శాతముగా నుండిన జీఎస్టీ 2025 సెప్టెంబరు నుండి 40 శాతమైనది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము ఆన్‌లైన్‌లో సొమ్మొడ్డి ఆడు ఆటలను నిషేధింపగా, ఆ సంస్థలలో కొలువు చేసిన ఎందరో యువకులు కొలది వారములలో వీధిని పడిరి. పరుల దౌర్బల్యముమీద నిలిచిన వ్యాపారమునకు లోకము ఎప్పుడైనను అడ్డు చెప్పును. అది న్యాయము కూడ.

ఇంతకంటె పెద్ద ప్రమాదము మరియొకటి కలదు. అది దళారి. వేల్పూరులో ఒక యువకుడు తన పెద్దబాపును ఇట్లు అడిగినాడనుకొందము.

“పెద్దబాపూ, కంబోడియాల కాసినోల క్యాషియర్ నౌకరి ఉన్నదట. జీతం మస్తిస్తరట. పోవాల్నా?”

“పని జూపెటోడు ఎవడు బిడ్డా?”

“ఫోన్ల దొరికిండు.”

“వానిదేవూరు? వానికి లైసెన్సున్నదా?”

“తెల్వదు.”

“మరి రేపు నువ్వు ఆడ ఆగమైతే నాకెవడు జవాబు చెప్తడు?”

ఈ చివరి ప్రశ్నలోనే సర్వమును ఇమిడియున్నది. కంబోడియా, మయన్మార్, లావోసు దేశములలో కాసినో కొలువనియో, కంప్యూటరు కొలువనియో ఆశ చూపి తీసికొనిపోయి, పాస్‌పోర్టు లాగికొని, తాళము వేసిన ఆవరణలలో కూర్చుండబెట్టి, మన దేశపు అమాయకులకే ఫోను చేసి మోసగించు పని చేయించుచున్నారు. వీరిలో తెలుగు బిడ్డలున్నారు. 2024 మేలో విశాఖపట్టణము పోలీసులు కంబోడియాకు మనుష్యులను తరలించు ముఠాను పట్టుకొనిరి. 2025 మార్చిలో మయన్మార్‌లోని మ్యావడ్డి ప్రాంతమునుండి బయటపడిన ఐదువందలకు పైబడిన భారతీయులను వైమానికదళ విమానములు థాయిలాండు సరిహద్దునుండి ఇండ్లకు చేర్చినవి. అందు మన తెలంగాణవారును కలరు. అచట పిల్లలు చిక్కినది లెక్క తెలియక కాదు. వారికి పూచీ పడినవాడెవడును లేడు.

పూచీ యననేమో వేల్పూరు మండలమునకు ఒకరు చెప్పనక్కరలేదు. 2001లో, అప్పటి కలెక్టరు జి. అశోక్ కుమార్ పూనికతో, ఈ మండలపు గ్రామములు పనిలోనున్న పిల్లలను బడికి మరలించినవి. అప్పు క్రింద పిల్లవానిని పనికి పెట్టుకొన్న ఆసాములు ఆ అప్పులనే వదలుకొనిరి. ఆ యేటి అక్టోబరు 2న వేల్పూరు బాలకార్మికులు లేని మండలమని ప్రకటితమైనది. ఆ దినమున బడిలో అడుగిడిన పిల్లలు నేడు సంసారములు నడుపు యువతీయువకులు. ఊరంతయు ఒకమారు వారికొరకు పూచీ పడినది. వారి తమ్ములు, వారి బిడ్డలు పరదేశమునకు బయలుదేరునపుడు ఆ పూచీ మరల అవసరమగుచున్నది.

కావున యువమిత్రులారా, మీకు నా మనవి. గోవాకైనను గల్ఫునకైనను పోవుట తప్పు కాదు. నిజాయితీతో పరుల సొమ్ము లెక్కించుట నీచము కాదు. కాని నోట్లు లెక్కించుట యొక్కటే నేర్చి ఆ కౌంటరులో కూర్చుండవలదు. ఖాతా పుస్తకము నేర్చుకొనుడు. సొమ్మునకు సంబంధించిన చట్టము నేర్చుకొనుడు. నకిలీ పత్రమును గుర్తించుట, కోపించిన మనిషితో మెల్లగా మాటలాడుట నేర్చుకొనుడు. ఈ విద్యతో కాసినో మూతపడినను బ్యాంకులో, ఆసుపత్రిలో, మార్కెటు యార్డులో, పసుపు వ్యాపారములో మీకు చోటుండును.

తల్లిదండ్రులకు కూడ ఒక మాట. విదేశీ కొలువు చూపువాడు 1983 నాటి వలస చట్టము క్రింద లైసెన్సు పొందినవాడేనా అని ముందుగా అడుగుడు. లైసెన్సుగల ఏజెంట్ల వివరములు కేంద్రప్రభుత్వపు ఈ-మైగ్రేట్ సైటులో నున్నవి. చూచుట రానిచో బడిపంతులునో, చదువుకొన్న పొరుగింటి పిల్లనో చూడుమని కోరుడు. టూరిస్టు వీసామీద కొలువునకు రమ్మనువానికి పైకము చెల్లింపవలదు; వానితో బిడ్డను పంపవలదు.